బురద మొహానికి పేరు

ఆ సోమవారం పొద్దున ఒల్వెన్, ఇంటి వెనకనున్న వంటగదిలో, పొయ్యి పైన కట్టిన తాడుకు ఆరేసిన ఫోటోలను ఒక్కొక్కటే దించుతూ, కొడుకు ఎక్కిన రైలు ఎక్కడా పట్టాలు తప్పనందుకు దేవుడికి ఇంకోసారి కృతజ్ఞత చెప్పుకుంది. గెథిన్ ఉత్తరాది నుంచి క్షేమంగా ఇల్లు చేరి అప్పటికే ఒక రోజు దాటింది. నిన్న చాపెల్లో ఆమె పక్కనే నిలబడి పాడాడు కూడా. అయినా జరగకుండా పోయిన ప్రమాదాన్ని తలచుకుని భయపడటం ఒల్వెన్‌కు అలవాటు. పదిహేనేళ్ళ కిందట ఆమె మొగుడు కడుపునొప్పి అంటూ డాక్టరు దగ్గరికి తన కాళ్ళమీద తను నడిచి వెళ్ళాడు. మూడో రోజు నలుగురు మోసుకొచ్చారు. ఆనాటి నుంచి, గడప దాటిన మనిషి తిరిగి వస్తాడని ఆమె ముందుగా నమ్మడం మానేసింది.

అంతకు ముందు శనివారం పెన్‌గార్న్ లోయంతా గడ్డకట్టుకుపోయింది. నేల ఇనుములా బిగిసి, చుట్టుపక్కల ఒక్క మైదానంలోనూ రగ్బీ ఆట జరగలేదు. ఆట లేకపోతే గెథిన్‌కు ఫోటో లేదు. ఏ పత్రికలోనూ అతను ఉద్యోగి కాడు. వారమంతా రేకుల ఫ్యాక్టరీలో తూకం గుమాస్తాగా పొద్దుటి షిఫ్టు. శనివారం మధ్యాహ్నం మాత్రం మైదానం గీత పక్కన బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఫోటోలు తీసేవాడు. నచ్చిన పత్రిక తీసుకునేది, నచ్చనిది తిప్పి పంపేది. అందుకే ఉత్తరాది పత్రిక ఒకటి కబురు పెట్టగానే, "అక్కడ సముద్రం గాలి కదమ్మా, మంచు లేదట. ఆట ఉంది" అని చెప్పి బయల్దేరాడు. ఏ ఆట అని ఒల్వెన్ అడగలేదు. మంచులో పట్టాలు, తడి సాక్సులు, న్యుమోనియా, ఊరు కాని ఊళ్ళో తాగుబోతులు, వీటన్నిటినీ తలచుకోవడంతోనే ఆమెకు సరిపోయింది.

మైదానానికి ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. పదిమంది దొమ్మీగా వచ్చి మీద పడితే పెట్టె మీంచి లేచి తప్పుకునే వ్యవధి ఉండదని ఆమెకు తెలుసు. ఒకసారి అలాగే పడి గెథిన్ భుజం ఎముక విరిగింది. తాను చూస్తూ ఉంటే ఈసారి మెడే విరుగుతుందని ఆమె భయం.

ఫోటో తీయడం, మెట్ల కింది బొగ్గుల గదిలో చీకటి చేసుకుని కడగడం గెథిన్ పని. ఆరబెట్టడం, అంచులు కత్తిరించడం, వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయడం ఒల్వెన్ పని. క్లబ్బు వాళ్ళు అచ్చువేసే జట్ల కాగితాన్ని ఆమె ఎన్నడూ నమ్మలేదు. ఆఖరి నిమిషంలో ఒకడికి జ్వరం వస్తుంది, ఇంకొకడు వాడి చొక్కా తొడుక్కుంటాడు, కాగితం మాత్రం పాత పేరే చెబుతుంది. ఆమె ఫోటోనే చూసేది. మొహమంతా బురద అయినా ఫరవాలేదు, ఆమెకు చెవి చాలు, మెడ వంపు చాలు, పరుగెత్తేటప్పుడు మోచెయ్యి ఎటు తిరిగిందో చాలు. లోయలో సగంమంది కుర్రాళ్ళు ఆమె కళ్ళముందు పాకి, పడి, లేచినవాళ్ళే. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. అయినా పదకొండేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క పేరు తప్పు పోలేదు. "ఆ ఇంటి నుంచి వచ్చే పేర్లు సరిచూడక్కర్లేదు" అని కార్డిఫ్ సాయంత్రం పత్రికలో ఫోటోల పెద్ద అన్నాడని గెథిన్ చెప్పిన రోజు, ఆమె ఆనందం పట్టలేక వీధి గుమ్మం రెండుసార్లు కడిగింది.

ఉత్తరాది ఆటగాళ్ళెవరూ ఆమెకు తెలియదు. కాబట్టి ఈసారి చొక్కా మీది నంబరు చూసి, గెథిన్ వదిలి వెళ్ళిన కాగితంలో ఉన్నట్టే రాసుకుంటూ పోయింది. ఐదో ఫోటో దగ్గర చెయ్యి ఆగింది.

ఎంత బాగుందో ఆ ఫోటో! ఇద్దరు మనుషులు గాలిలో ఉన్నారు, మూడోవాడి చేతులు ఖాళీని పట్టుకుని ఉన్నాయి, ఆ ముగ్గురి మధ్యలోంచి ఒక కుర్రాడు బంతిని పొట్టకు హత్తుకుని, తల పక్కకు వాల్చి దూసుకొస్తున్నాడు. నుదుటి నుంచి గడ్డం దాకా బురద. తెల్లగా కనిపించేవి పళ్ళే. ఆరో నంబరు. కాగితంలో ఆరో నంబరుకు ఎదురుగా 'మరొకరు' అని ఉంది.

"ఇదేం పేరు, మరొకరట! రాసినవాడికి బద్ధకం" అని ఒల్వెన్ పైకే గొణుక్కుంది. ఎడమ మోచెయ్యి కోడిపిల్ల రెక్కలా అలా వెనక్కి మడిచేది ఈ లోకంలో ఒక్కడే. మూడిళ్ళ అవతల ఉండే లెటీ కొడుకు డెన్‌జిల్. నాలుగేళ్ళ వయసులో ఆమె వంటగదిలోంచి వేడి రొట్టె ఎత్తుకుని అలాగే మోచెయ్యి మడిచి పారిపోయేవాడు. ఇప్పుడు పెన్‌గార్న్ జట్టుకు ప్రాణం. మన ఊళ్ళో ఆట లేదు కదా, ఎవరో పిలిచి ఉంటారు, వెళ్ళాడు కాబోలు అనుకుంది. ఇంత చలిలో అంత దూరం! లెటీ ఎలా పంపిందో!

ఫోటో తిరగేసి, ముచ్చటగా, అక్షరం పక్కన అక్షరం పేర్చి రాసింది: డెన్‌జిల్ ప్రోసర్, పెన్‌గార్న్.

పదింటి రైలుకు కవరు గార్డు చేతికి ఇచ్చి, మడవకూడదని రెండుసార్లు చెప్పి, ఇంటికొచ్చి బంగాళాదుంపలు తరగడానికి కూర్చుంది.

*

గెథిన్ రెండు దాటాక వచ్చాడు. బూట్లు విప్పుతూనే అడిగాడు.

"కవరు వెళ్ళిందా అమ్మా?"

"వెళ్ళింది. గార్డు కొత్తవాడు రా. చెయ్యి వణుకుతోంది వాడికి. ఎక్కడ పడేస్తాడో ఏమో."

"పడెయ్యడులే. కాగితంలో ఉన్నట్టే రాశావుగా?"

"మిగతావన్నీ అలాగే రాశా. మన డెన్‌జిల్‌కి మాత్రం పేరు పెట్టలేదు వాళ్ళు. నేనే పెట్టా."

గెథిన్ ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఏం పెట్టావ్?"

"వాడి పేరే. డెన్‌జిల్ ప్రోసర్, పెన్‌గార్న్. ఏం రా? తప్పు రాశానా? అది వాడే కదా?"

"వాడేనమ్మా." గెథిన్ బూటు నేలమీద పెట్టాడు. "వాడే. అదే వచ్చిన చిక్కు. అది మన ఆట కాదు. ఉత్తరాది ఆట. కూలి ఆట."

ఒల్వెన్ చేతిలో కత్తి పక్కన పెట్టింది. ఆ మాటకు అర్థం లోయలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పెన్‌గార్న్‌లో ఆట ఆడినందుకు ఎవరూ దమ్మిడీ తీసుకోరు. పడ్డ దెబ్బలకు పట్టీ కూడా ఎవరి ఇంట్లోది వాళ్ళదే. ఉత్తరాన అదే బంతితో, కొంచెం తేడా నిబంధనలతో, జీతానికి ఆడతారు. అక్కడికి వెళ్ళి ఒక్క మధ్యాహ్నం ఆడినవాణ్ణి ఈ ఆటలోంచి జన్మకు వెలేస్తారు. మైదానంలోకి రానివ్వరు, క్లబ్బు గది గుమ్మం ఎక్కనివ్వరు, వీధి పిల్లలకు బంతి విసరడం నేర్పించనివ్వరు. తాగి భార్యను కొట్టినవాడికి ఆ గదిలో కుర్చీ ఉంటుంది. ఉత్తరాదికి వెళ్ళొచ్చినవాడికి ఉండదు.

"మొదటిసారి వెళ్ళేవాళ్ళు పేరు లేకుండా ఆడతారమ్మా. వాళ్ళకు నచ్చితే సంతకం పెట్టించుకుంటారు. నచ్చకపోతే చప్పుడు లేకుండా ఇంటికొచ్చేస్తారు. అందరికీ తెలుసు, ఎవడూ అనడు. ఫోటోలు తీసేవాళ్ళం కూడా కాగితంలో ఏముంటే అదే రాస్తాం."

"మరి నాకు చెప్పొచ్చు కదరా! పొద్దున వెళ్తూ ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నీకు చెప్పి ఎవడు బతకగలడమ్మా? వాడు అక్కడ ఉన్నాడని చెప్తే, పట్టుబడతాడనీ, వాళ్ళ నాన్న గుండె ఆగుతుందనీ, లెటీ ఆంటీ బావిలో దూకుతుందనీ రాత్రంతా నన్ను నిద్రపోనిస్తావా? కాగితం పక్కనే పెట్టి వెళ్ళా. చాలనుకున్నా."

అతను బూటు మళ్ళీ తొడుక్కున్నాడు. ఇద్దరూ చర్చి మలుపు దగ్గరున్న టెలిఫోను డబ్బా దాకా పరుగెత్తారు. ఒల్వెన్ బయట నిలబడింది. అద్దంలోంచి కొడుకు నోరు కదలడం కనిపించింది. మొదట మెల్లగా కదిలింది, తర్వాత త్వరత్వరగా, తర్వాత ఆగిపోయింది. బయటికి వచ్చినప్పుడు అతని మొహం సున్నం కొట్టినట్టుంది.

"పత్రిక ఆఫీసుకు కవరు ఇంకా చేరలేదట. పేరు తీసెయ్యండి, మా అమ్మ పొరబడింది అని చెప్పా. ఒకసారి చెప్పా, రెండుసార్లు చెప్పా, బతిమాలా. 'పొరబాటుకు ఇంతలా బతిమాలరు తమ్ముడూ, నిజమేనన్నమాట' అన్నాడు అవతలివాడు. ఫోను పెట్టేశాడు."

*

లెటీ తలుపు తీస్తూనే గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"నువ్వు ఈ మొహంతో తలుపు కొడితే మరేమనుకోవాలి? పోయినసారి ఇలాగే వచ్చి గ్యాసు వాసన అన్నావ్, వీధి వీధంతా బయట నిలబెట్టావ్. రా, పెనం మీద రొట్టెలున్నాయి, మాడతాయి."

ముందు గదిలో మంచం వేసి ఉంది. గనిలో ముప్పై ఏళ్ళు మింగిన దుమ్ముతో లెటీ మొగుడు మెట్లెక్కలేక అక్కడే పడుకుంటున్నాడు. తలుపు సందులోంచి అతని ఊపిరి రంపం కోసినట్టు వినిపిస్తోంది. ఒల్వెన్ ఎండుద్రాక్ష రొట్టెలు తిరగేస్తున్న లెటీ వీపుకే జరిగిందంతా చెప్పింది. మొహం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది.

లెటీ ఒక్కొక్క రొట్టెనూ తీసి గుడ్డమీద పేర్చింది.

"వాళ్ళు వద్దన్నారు వాణ్ణి. తెలుసా?" అంది చివరికి. "తూకం చాలదన్నారు. వంటి మీద ఇంకో పది కిలోల మాంసం ఉంటే చూసేవాళ్ళమన్నారు. టీ ఇచ్చి రైలెక్కించారు. వాడు ఇంటికొచ్చి 'పోన్లే అమ్మా, ఇక్కడ నా ఆట నాకుంది కదా' అన్నాడు. నిన్న పొద్దున, నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే అన్నాడు."

"లెటీ, నాకు తెలీదే. నా చెయ్యి పడిపోను."

"ఎందుకు వెళ్ళాడో అడగవేం? ఆ గదిలో దగ్గు వింటున్నావుగా. పోయిన నెల నుంచి వీడూ మొదలెట్టాడు. ఆ డబ్బు వస్తే గనిలోంచి బయటపడతాడని నేనే పంపా. నేనే టిక్కెట్టు కొన్నా." లెటీ అప్పుడు తిరిగి చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు. "వారానికి ఆరు రోజులు భూమి కింద ఉంటాడు వాడు. శనివారం గంటన్నర వెలుతురులో పరుగెత్తుతాడు. అది కూడా పోతే వాడేం కావాలి?"

ఒల్వెన్ కుర్చీలోంచి లేచింది.

"నీ కొడుకుని గాలి తగలకుండా కాపాడుకోవడం నీకు బాగా వచ్చు ఒల్వెన్. ఊరంతా నవ్వుకున్నా మానవు. ఇప్పుడు నావాణ్ణి కూడా అలా చూసుకో. వెళ్ళిక."

*

బుధవారం ఉత్తరాది పత్రికలో ఫోటో పడింది. శుక్రవారానికి, అక్కడ పనిచేస్తున్న ఎవరి బావమరిదో కత్తిరించి పంపిన ముక్క పెన్‌గార్న్ క్లబ్బుకు చేరింది. మాంసం దుకాణంలో వరుసలో నిలబడిన ఆడవాళ్ళు ఒల్వెన్‌ను చూసి మాట ఆపేశారు. ఒకామె మాత్రం ఆగలేదు. "నీ కళ్ళు చల్లగుండా ఒల్వెన్, ఎంత మసకలో ఉన్నా పోలిక పట్టేస్తావే!" అంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర గెథిన్‌కు దారి ఇవ్వకుండా ఇద్దరు గనివాళ్ళు అడ్డం నిలబడ్డారు. "మా బురద అమ్ముకున్నావ్, ఊరుకున్నాం. ఇప్పుడు మనుషుల్ని కూడా అమ్ముతున్నావా?" అన్నారు. అతను తల వంచుకుని పక్కనుంచి వచ్చేశాడు.

క్లబ్బు కార్యదర్శి ఐవర్ మాడక్ ఆ ముక్క చూసి తొందరపడలేదు. ఆయన పద్ధతి అది. ఉత్తరాది పత్రికకు రాసి అసలు ఫోటో తెప్పించాడు. వాళ్ళు నవ్వుతూనే పంపారు. వెనక పేరుంది. రాత ఎవరిదో ఐవర్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. ఆటను నడిపే పై సంఘానికి నివేదిక పంపకుండా డెన్‌జిల్‌ను ఆడిస్తే క్లబ్బునే రద్దు చేస్తారు. అందుకని వచ్చే శనివారం పొద్దున తల్లీకొడుకులిద్దరూ క్లబ్బు గదికి రావాలని చీటీ పంపాడు. మంచు ఇంకా కరగలేదు. ఆ వారం కూడా ఆట లేదు.

ముందురోజు శుక్రవారం టీ తాగుతూ గెథిన్ అన్నాడు. "అమ్మా, నీకు ఏది నిజమనిపిస్తే అది చెప్పు."

"నిజమేంటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది చెప్తే లెటీ కొడుకు పోతాడు."

"చెప్పకపోతే?"

ఒల్వెన్ ఇన్ని రోజులుగా అదే లెక్క వేస్తోంది. పేరు తప్పని ఒప్పుకుంటే, ఆ ఇంటి నుంచి వెళ్ళే ఏ పేరునూ ఇక ఏ పత్రికా నమ్మదు. పేరు నమ్మకం లేని ఫోటో పత్రికకు చిత్తు కాగితంతో సమానం. ఫిబ్రవరిలో కార్డిఫ్‌లో జరిగే దేశాల మధ్య ఆటకు గీత పక్కన కూర్చునే అనుమతి ఈ ఏడు గెథిన్‌కు ఇప్పిస్తానని సాయంత్రం పత్రిక మాట ఇచ్చింది. పదకొండేళ్ళు వానలో, వడగళ్ళలో పెట్టె మీద కూర్చున్నది దానికోసమే. ఆ అనుమతి ఇచ్చేది కూడా పై సంఘమే.

"నీకు భయంగా లేదా రా?" అని అడిగింది.

"నా వంతు భయం కూడా నువ్వే పడుతున్నావు కదమ్మా" అన్నాడు గెథిన్. నవ్వలేదు.

*

క్లబ్బు గదిలో తడి చొక్కాల వాసన, పొగాకు వాసన. బల్ల వెనక ఐవర్ మధ్యలో, అటొకరు ఇటొకరు సభ్యులు. గోడకు ఆనుకుని డెన్‌జిల్, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పక్కన లెటీ కూర్చుంది. ఒల్వెన్ కుర్చీ అంచున కూర్చుంది. గెథిన్ ఆమె వెనక నిలబడ్డాడు.

ఐవర్ పొట్టి మనిషి. ముప్పై రెండేళ్ళుగా ఆ క్లబ్బుకు ఉత్తరాలు రాశాడు, గీతలకు సున్నం వేశాడు, జట్టు చొక్కాలు తన ఇంట్లో ఉతికించాడు. ఎవరి దగ్గరా ఒక కప్పు టీ కూడా ఊరికే తాగలేదు. ఆదివారం చాపెల్లో పెద్దల వరుసలో కూర్చునేదీ ఆయనే.

"డెన్‌జిల్‌ను అడిగాను. మాట్లాడడు" అన్నాడు. "మాట్లాడమని నేను బలవంతం చేయలేను. ఒల్వెన్, ఈ రాత నీదేనా?"

"నాదే."

"నిన్ను ప్రమాణం చేయమనను. నీ మాట చాలు నాకు. ఈ ఫోటోలో ఉన్నది ఎవరు?"

ఫోటోను ఆమె ముందుకు జరిపాడు. ఒల్వెన్ వంగి చూసింది. మడిచిన మోచెయ్యి. పక్కకు వాలిన తల. తెల్లని పళ్ళు. లోయలో ఏ తల్లికైనా ఇంతకన్నా నిజమైన బొమ్మ ఎవరూ తీసి ఇవ్వలేరు. తన కొడుకు తీశాడు. ఇంత మంచి ఫోటో వాడు మళ్ళీ తీస్తాడో లేదో.

"తెలీదు ఐవర్. డెన్‌జిల్ మాత్రం కాదు" అంది.

గోడ దగ్గర టోపీ కింద పడిన చప్పుడైంది. ఎవరూ వంగి తీయలేదు.

"మరి ఎందుకు రాశావ్?"

"నా సంగతి నీకు తెలీదా?" ఆమె ఆపకుండా చెప్పుకుపోయింది. "అంబులెన్సు గంట వినిపిస్తే లోపలున్నది గెథినే అనుకుంటా. తంతి మనిషి వీధిలోకొస్తే మా గుమ్మానికే అనుకుంటా. పోయిన చలికాలం కాలవలో కొట్టుకొచ్చిన కోటు చూసి మనవాడెవడో మునిగాడని కేకలేస్తే, నువ్వే కదా గెడ పట్టుకుని దిగావ్? ఖాళీ కోటు. నాకు ఎక్కడ చూసినా మన పిల్లలే కనిపిస్తారు. ఈ మొహం చూడు. మొహమా ఇది? అంతా బురద. చూడగానే అయ్యో లెటీ కొడుకే, ఈ చలిలో చచ్చిపోతాడే అనిపించింది. రాసేశా. బుద్ధిలేనిదాన్ని."

బల్ల చివరనున్న సభ్యుడు గడ్డం గోక్కుంటూ నవ్వాడు. "ఆ కోటు నాకు గుర్తుంది. నా చేపల గెడే విరగ్గొట్టారు."

ఐవర్ నవ్వలేదు. ఆమె కళ్ళలోకే చూస్తున్నాడు. ఆ చూపు తప్పించుకోవడానికి ఒల్వెన్‌కు ఉన్న బలమంతా కావలసివచ్చింది. ఆయనకు తెలుసని ఆమెకు అర్థమైంది. తెలిసి కూడా అడుగుతున్నాడు, ఎందుకంటే అడగడం ఆయన పని.

"గెథిన్, తీసినవాడివి నువ్వు. నువ్వు చెప్పు."

"నేను ఫోటోలు తీస్తాను ఐవర్‌గారూ. పేర్లు అమ్మ పని" అన్నాడు గెథిన్. "అమ్మ కాదంటే కాదు."

ఐవర్ సొరుగులోంచి కాగితం తీశాడు. తీరిగ్గా రాశాడు. రాసింది చదివి వినిపించాడు. ఫలానా ఫోటో వెనక పేరు తాను సరిగా చూడకుండా, ఊహించి రాశాననీ, అందుకు చింతిస్తున్నాననీ ఒల్వెన్ చెప్పినట్టు. ఒక ప్రతి పై సంఘానికి, ఒకటి ఉత్తరాది పత్రికకు, ఒకటి కార్డిఫ్ సాయంత్రం పత్రికకు.

"ఇది కార్డిఫ్‌కు ఎందుకు?" అంది ఒల్వెన్.

"పై సంఘం వాళ్ళే చూపిస్తారమ్మా ఎలాగూ. దొంగచాటుగా చేరేకన్నా మనం పంపితే మర్యాద." ఆయన కలం తిప్పి ఆమె వైపు పెట్టాడు. "దీనిమీద సంతకం పెడితే ఫలితం నీ కొడుక్కి ఏమిటో నీకు తెలుసు. తొందర లేదు. ఆలోచించుకో."

ఒల్వెన్ వెనక్కి తిరగలేదు. తిరిగితే చెయ్యి కదలదని తెలుసు. ఎదురుగా లెటీ కూర్చుని ఉంది. బతిమాలడం లేదు, కోపమూ లేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎదురుచూస్తోంది. అంతే.

భుజం మీద గెథిన్ చెయ్యి పడింది. "పెట్టమ్మా" అన్నాడు. "చలి వేస్తోంది, ఇంటికి పోదాం."

ఆమె పెట్టింది. అక్షరాలు ఎప్పటిలా కుదురుగా రాలేదు.

*

కార్డిఫ్ నుంచి మర్యాదగానే ఉత్తరం వచ్చింది. ఫోటోల పెద్ద నాలుగు వాక్యాలు రాశాడు. అనుమతి వేరేవాళ్ళకు ఇచ్చారని మూడో వాక్యంలో, ఇకపై ఫోటోలు పంపవద్దని నాలుగో వాక్యంలో ఉంది. గెథిన్ చదివి, గడియారం వెనక పెట్టి, బొగ్గుల గదిలో సీసాలు కడగడానికి వెళ్ళాడు. ఆ వారమంతా ఆ గదిలోంచి నీళ్ళ చప్పుడే వినిపించింది. డెన్‌జిల్ వీధిలో వీళ్ళు ఎదురైతే అవతలి పక్కకు దాటేస్తున్నాడు. లెటీ ఒక రోజు గుడ్డలో చుట్టిన రొట్టెలు గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టకుండానే వెళ్ళిపోయింది.

ఫిబ్రవరిలో మంచు కరిగింది. మొదటి శనివారమే మైదానం నిండింది. మధ్యాహ్నం మూడు గంటలకు జనం అరుపు ఇళ్ళ కప్పుల మీదుగా వంటగదిలోకి వచ్చింది. గెథిన్ బల్ల దగ్గర కూర్చుని, చల్లారిపోయిన టీ కప్పు తిప్పుతున్నాడు. పొయ్యి వెచ్చగా ఉంది. పొడి సాక్సులు వేసుకున్నాడు. మీద పడేవాళ్ళెవరూ లేరు. ఒల్వెన్ పదకొండేళ్ళుగా శనివారాలన్నీ ప్రార్థించినది అచ్చం ఇదే. ఇంకో అరుపు వచ్చింది. గెథిన్ తల అటు తిరిగి, మళ్ళీ కప్పు మీదికి వచ్చింది.

"లే" అంది ఒల్వెన్.

"ఎక్కడికి?"

"ఆటకి."

"కెమెరా లేకుండా అక్కడ నాకేం పని?"

"అందరికీ ఏం పనుందో నీకూ అదే. నేనూ వస్తా."

గెథిన్ ఆమెను తేరిపార చూశాడు. "నువ్వా? ఎవడికో కాలు విరగడం చూసి అక్కడే పడిపోతావ్."

"పడితే నువ్వున్నావుగా. కండువా చుట్టుకో."

ఇద్దరూ చెక్క కంచె వెనక, జనం మధ్య నిలబడ్డారు. కొందరు జరిగి చోటిచ్చారు, కొందరు జరగలేదు. నేల చిత్తడిగా ఉంది. పావుగంటలోనే ముప్పై మందీ ఒకే రంగులోకి మారారు. ఒల్వెన్ రెండు చేతులతో కంచె పట్టుకుంది. ప్రతి కుమ్ములాటకూ కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, లేచినవాళ్ళను లెక్కపెట్టుకుంది. ఆట ముగిసేముందు ఒకడు గుంపులోంచి బయటపడి, ఎడమ మోచెయ్యి వెనక్కి మడిచి, ముగ్గురిని దాటుకుని వచ్చి, గీత అవతల బంతితో సహా పడ్డాడు. కంచె అదిరేలా అరిచారు జనం.

మాంసం దుకాణంలో ఆ రోజు మాట ఆపని మెయిర్ పక్కనే నిలబడి ఉంది. ఆమె ఒల్వెన్ వైపు వంగింది. ముందు వరుసలో నలుగురు మెడలు తిప్పారు.

"ఎవరే ఒల్వెన్ అది? నీకు తెలియాలే!"

గెథిన్ కూడా ఒల్వెన్ వైపు తిరిగాడు.

"ఏమోనమ్మా" అంది. "మొహమంతా బురదేగా. నా కంటికి ఆనడం లేదు."

అరుపులు ఇంకా ఆగలేదు. పడినవాడు మెల్లగా లేచాడు. తన వాళ్ళు వీపు తడుతుంటే మధ్యగీత వైపు తిరిగి నడిచాడు. నాలుగు అడుగులు వేశాక నడుము మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు. వంగి, ఎవరూ చూడకుండా మోచేతి మడతలో దగ్గాడు. అది దుమ్ము దగ్గు. ఒల్వెన్‌కు అంత దూరం నుంచి కూడా తెలిసింది. లెటీ అవతలి కంచె దగ్గర, అందరితో పాటు చప్పట్లు కొడుతోంది. ఒల్వెన్ అటు చూసి, ఎవరితోనూ ఏమీ అనకుండా, కంచెను ఇంకా గట్టిగా పట్టుకుంది.